సీసం ఇంట్లో కరిగించవచ్చునా?

అన్నోజిగూడ నుంచి ఒక యువకుడు ఉత్తరం రాశారు. పిస్తోలు షూటింగ్ నేర్చుకుంటున్నారట. విదేశాలలో ఈ ఆట ఆడేవారు కొందరు పాత సీసం కరిగించి, అచ్చులో పోసి, తూటాలు ఇంట్లోనే చేసుకుంటారని చూశారు. ఇంట్లో పాడైపోయిన ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, పెరట్లో కట్టెల పొయ్యి ఉంది. "పొగ మంచిది కాదని అమ్మ వద్దంటోంది. ఆరుబయట చేస్తే ఏమీ కాదు కదా డాక్టరుగారూ?" అని వారి ప్రశ్న. అక్కయ్య పురిటికి వచ్చి ఉన్నదనీ, ఆమె రెండేళ్ల బాబు ఇల్లంతా పాకి తిరుగుతున్నాడనీ చివర ఒక ముక్క రాశారు. నా కళ్లు ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయాయి.

ముందు వైద్యానికి సంబంధించని మాట ఒకటి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయటం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. తూటా భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. క్రీడకు కావలసినవి క్లబ్బు ద్వారా సక్రమంగా తెచ్చుకోవలసిందే. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

ఇక అమ్మగారి మాట. ఆమె భయం నిజమే. అయితే ఆమె అనుకున్న చోట కంటె వేరే చోట ప్రమాదం ఎక్కువ. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. మరగటానికి 1,700 డిగ్రీలు దాటాలి. కట్టెల పొయ్యి మీద అది మరగదు. వేడి ఎక్కువైన కొద్దీ కంటికి కనపడని ఆవిరి కొంత లేస్తుంది, దానిని పీల్చటం మంచిది కాదు. కాని అసలు శత్రువు కరిగిన సీసం మీద తేలే బూడిదరంగు తెట్టు. దానిని గరిటెతో తీసి పక్కన పోస్తారు. ఆరిన తరువాత అది మెత్తటి పొడి. గాలికి లేస్తుంది, చేతులకూ చొక్కాకూ చెప్పులకూ అంటుకుంటుంది, ఇంట్లోకి వస్తుంది. ఆరుబయట చేసినంత మాత్రాన ఆ పొడి గడప దాటకుండా ఉండదు.

బ్యాటరీ సీసం మరీ చెడ్డది. అందులో యాంటిమొనీ, ఆర్సెనిక్, కాల్షియం వంటివి కలిసి ఉంటాయి. ఆ తెట్టుకు తడి గాని ఆమ్లం గాని తగిలితే ప్రాణాంతకమైన వాయువులు పుట్టవచ్చు. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా కాగిన నూనెలో పడినట్లే చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోతుంది.

పెద్దవారు మింగిన సీసంలో సుమారు పదోవంతే రక్తంలో చేరుతుంది. చిన్న పిల్లలలో దాదాపు సగం చేరవచ్చు. పాకే పిల్లవాడి చేయి నేల మీద, మరుక్షణం నోట్లో. రక్తంలో చేరిన సీసం ఎముకల్లో దాగి దశాబ్దాలు ఉంటుంది. తల్లి ఎముకల్లో ఉన్నది గర్భంతో ఉన్నప్పుడు బయటికి వచ్చి కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఇంత వరకు పరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ల కుర్రవాణ్ణి తల్లి తీసుకువచ్చింది. కడుపునొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోయి ఉంది. నులిపురుగుల మందు, ఇనుము టానిక్ రాసి పంపాను. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది, మళ్లీ అదే రాశాను. మూడోసారి తండ్రి కూడా వచ్చాడు. అతను మాట్లాడుతుంటే పంటి చిగుళ్ల అంచున నీలినలుపు గీత కనిపించింది. పాత బ్యాటరీలు బాగుచేస్తాడట, పలకలు వరండాలోనే కరిగిస్తాడట. సాయంత్రం అతను విడిచిన చొక్కా మీదే కుర్రవాడు నిద్రపోయేవాడట. రక్తపరీక్షలో సీసం బాగా ఎక్కువగా వచ్చింది. పని ఇంటి నుంచి మార్పించాం, మందులు ఇచ్చాం, నొప్పి తగ్గింది. కాని తోటి పిల్లలకు వచ్చిన అక్షరాలు వాడికి చాలాకాలం రాలేదని తండ్రి తరువాత చెప్పాడు. "ఏం పని చేస్తావయ్యా?" అని మొదటిరోజే అడగవలసింది. నేను అడగలేదు.

అంతకంటె ఘోరం సెనెగల్ రాజధాని డకార్ పొలిమేరలో జరిగింది. పాత బ్యాటరీల సీసం తీసే ఒక పేటలో 2007 నవంబరు, 2008 మార్చి నెలల మధ్య పద్దెనిమిది మంది పిల్లలు చనిపోయారు. మట్టిలోని సీసమే కారణమని తేలింది.

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో పనిచేసేవారూ, బ్యాటరీ మెకానిక్కులూ, వలకు గుళ్లు పోసుకునే బెస్త సోదరులూ ఈ ఉత్తరం తమకే రాసిందనుకోండి. పని బట్టలతో ఇంటికి రావద్దు. వస్తే గుమ్మం బయటే విడిచి, వాటిని విడిగా ఉతకండి. సబ్బుతో చేతులు కడగకుండా బీడీ గాని అన్నం గాని ముట్టవద్దు. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం తేలికగా చేరుతుంది కనుక పిల్లలకు ఆకుకూరలు, రాగిజావ, పాలు పెట్టండి. చింతపండుతోనో మజ్జిగతోనో విషం దిగిపోతుందనేది వట్టిమాట.

అనుమానం ఉంటే నరం నుంచి తీసిన రక్తంతోనే పరీక్ష చేయించాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉన్నా, అది ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి ఆపాలి. పిల్లలలో 45 దాటితే సీసాన్ని బయటికి లాగే మందులు తప్పవు. అవి ఆసుపత్రిలో ఇవ్వవలసినవి, దుకాణంలో కొనుక్కునేవి కావు.

షూటింగ్ మానమని నేను అనను. మన హైదరాబాదువాడే గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. కాని ఎయిర్ పిస్తోలు గుళ్లు కూడా సాధారణంగా సీసమే. నోట్లో పెట్టుకోవద్దు, ఆట అయ్యాక చేతులు కడగండి, ఆ బట్టలతో మేనల్లుణ్ణి ఎత్తుకోవద్దు. పాత బ్యాటరీని విప్పకుండా అమ్మిన దుకాణానికే ఇచ్చేయండి. 2022 నిబంధనల ప్రకారం దాన్ని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదార్లది.

ఒకసారైనా కరిగించారో లేదో మీ ఉత్తరంలో స్పష్టంగా లేదు. కరిగించి ఉంటే అక్కయ్యనూ, బాబునూ దగ్గరి ప్రభుత్వాసుపత్రికి గాని, బాబును నిలోఫర్‌కు గాని తీసుకువెళ్లండి. పొయ్యి సంగతి ముందే చెప్పండి, డాక్టరు అడిగేదాకా ఆగవద్దు.