గాలి చొరని గది: పందెపు పడవ మోటారు పునర్నిర్మాణము

1939వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, సీడర్‌బర్గ్ అను చిన్న పట్టణములో, దెబ్బతినిన కర్మాగారమొకటి కార్ల్ కీక్‌హేఫర్ అను ఇంజనీరు చేతికి వచ్చెను. అక్కడ అయస్కాంత పరికరములను తయారుచేయవలెనని ఆయన తలంపు. కాని ఆ కొట్టులో సుమారు మూడువందల పడవ మోటారులు పడియుండెను. సరిగా నడచుట లేదని కొనిన వర్తక సంస్థ త్రిప్పి పంపినవవి. వాటిని పాత ఇనుము క్రింద తూచి అమ్ముట సులభమే. ఆయన అట్లు చేయలేదు. ఒక్కొక్కదానిని విప్పించి, లోపమును వెదకి, దిద్ది, మరల కూర్పించి, త్రిప్పి పంపినవారికే అమ్మెను. వారు సంతోషించి మరికొన్ని కావలెననిరి. మెర్క్యురీ అను పేరు లోకమునకు తెలిసినది ఆ తరువాతనే. విప్పి కూర్చుటయను పనిని తక్కువగా చూచువారు ఈ కథను ఒకమారు తలంచుకొనవచ్చును.

పడవ వెనుక పలకకు బిగించి, పని తీరగానే విప్పి భుజముపై వేసికొని పోదగిన ఇంజనును ఔట్‌బోర్డు మోటారు అందురు. నార్వేలో పుట్టి బాల్యముననే అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకమునకు తెచ్చి ప్రచారములోనికి తీసికొనివచ్చెను. చేపలు పట్టువారి తెడ్లశ్రమ తగ్గించుటకు పుట్టిన యంత్రము కొలది ఏండ్లకే పందెములకెక్కినది. మనుష్యుని స్వభావమే అంత. ఎద్దుబండిని కూడ పందెమునకు కట్టినవాడు మోటారును విడిచిపెట్టునా?

1950 దశకమున ఈ పందెములలో పేరుపొందిన మోటారులలో మెర్క్యురీ వారి మార్క్ 20 హెచ్ ఒకటి. రెండు సిలిండరులు, ఇరువది ఘనాంగుళములకు రవంత తక్కువ పరిమాణము. ఇంత చిన్న ఇంజను నిమిషమునకు ఐదారువేల చుట్లు తిరుగుచు తేలికపాటి పడవను నీటి అంచుపై ఎగురవేసికొని పోవును. పడవ నడపువాడు అందులో కూర్చుండడు, మోకాళ్లపై వంగియుండును. ఆ వేగములో ఇంజను ఒక్కసారిగా పట్టుకొని నిలిచిపోయినచో అతడు నీటిపాలగుటకు క్షణము చాలును. కావున ఈ మోటారును విప్పి కూర్చువాని చేతిలో ఉన్నది బహుమానము మాత్రమే కాదు.

ఇట్టి ఇంజనులు రెండు ఘాతములవి, అనగా టూ-స్ట్రోకు జాతికి చెందినవి. వీటిలో క్రాంకు తిరుగు గది వట్టి ఇనుపపెట్టె కాదు. అదియే ఒక పంపు. పిస్టను పైకి పోవునపుడు ఆ గదిలో పీడనము తగ్గును. రీడు అను పలుచని రేకుల కవాటము తెరచుకొని గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునపుడు రేకులు మూసికొని, ఆ మిశ్రమము నొక్కబడి, ప్రక్క దారులగుండ సిలిండరులోనికి ఎగయును. తరగతి గదిలో నల్లబల్లపై వ్రాయు బాయిల్ సూత్రము ఇక్కడ క్షణమునకు నూరుమారులు పనిచేయుచుండును. రెండు సిలిండరులు వంతులవారీగా మండును గనుక ఒక్కొక్కదానికి వేరు గది కావలెను. నడుమనున్న బేరింగు ఇరుసును మోయుటయేగాక, ఈ గది ఊపిరి ఆ గదిలోనికి పోకుండ అడ్డుగోడగా కూడ నిలువవలెను.

ఇప్పుడు ఆ గదికి వెండ్రుకవాసి సందు ఏర్పడినదనుకొందము. పిస్టను లేచిన ప్రతిసారియు ఆ సందుగుండ పొడిగాలి చొచ్చుకొనివచ్చును. మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును; మంట వేడిమి పెరుగును. అంతటితో పోదు. ఈ జాతి ఇంజనులలో కందెన కూడ పెట్రోలులోనే కలిసివచ్చును. పెట్రోలు తగ్గినప్పుడు నూనెయు తగ్గినట్లే. వేడి ఎక్కువై, జిడ్డు తక్కువై, అల్యూమినియపు పిస్టను వ్యాకోచించి గోడను కరచుకొనును. లేదా దాని నెత్తిన బెజ్జము పడును. చిత్రమేమనగా, చెడుటకు ముందు కొంతసేపు ఆ ఇంజను మరింత చురుకుగా పరుగెత్తినట్లు తోచును. అనుభవము లేనివాడు దానికి సంతోషించును. మన ఊళ్లలో టూ-స్ట్రోకు స్కూటరులను బాగుచేసిన పాత మెకానిక్కులకు ఈ లక్షణము బాగుగ తెలియును. వదలిన ఆక్సిలరేటరునకు లొంగక బండి తనంత తాను అరచినచో, వారు మొదట అనుమానించునది క్రాంకు సీలునే.

విప్పుటలోనే సగము పని చెడును. ఫ్లైవీలు ఏటవాలు ఇరుసుపై బిగిసియుండును. దానిని పుల్లరుతో లాగవలెనే గాని సుత్తితో మోదరాదు. కనెక్టింగు రాడ్డుకు దాని టోపీ ఒక్కటే జత; ఒకదాని టోపీ మరొకదానికి పనికిరాదు, తారుమారుగ తిరుగవేసినను పనికిరాదు. కావున విప్పకముందే గుర్తులు పెట్టుకొనవలెను. సూదులవంటి రోలరులను లెక్కపెట్టి వేర్వేరు డబ్బాలలో ఉంచవలెను. ఒక్క రోలరు లోపల జారిపడి మిగిలినచో, మొదటి పరుగులోనే ఇంజను నాశనము.

అసలు పరీక్ష గదిని మూయుటలో కలదు. క్రాంకుకేసు రెండు దళములుగ ఉండు మోటారులలో ఆ రెంటిని కలిపి బిగించిన పిమ్మటనే కర్మాగారములో బేరింగు రంధ్రమును తొలిచియుందురు. అందువలన వాటి నడుమ దళసరి కాగితపు గ్యాస్కెట్టు వేయరాదు; వేసినచో రంధ్రము గుండ్రదనము పోవును. సందు కనబడుచున్నదని అంచులను అద్దముపై పరచిన గరుకు కాగితముతో అరగదీసినను అదే ప్రమాదము, ఈసారి రెండవ వైపునుండి. శ్రద్ధ ఎక్కువైన క్రొత్త పనివాండ్రు చేయు తప్పు ఇదియే. విడి మూతలను చదునుచేయవచ్చును, కవలలను ముట్టరాదు. పాత జిగురును మెత్తని పనిముట్టుతో గీరి, ద్రావకముతో తుడిచి, పలుచని సీలింగు పూతను పూసి, లోహము లోహమునకు ఆనునట్లు మూయవలెను. పూర్వము లక్కపూత వాడెడివారు; ఇప్పుడు గాలి తగులనిచోటనే గట్టిపడు జిగురులు వచ్చినవి. ఏదైనను మితము ముఖ్యము. ఎక్కువైన పూత లోపలికి ఉబ్బి, ఎండి, తునిగి, నూనె దారిని మూయును. బోల్టులను నడుమనుండి అంచులకు, కొంచెము కొంచెముగ, విడతలుగ బిగింతురు.

ఇరుసు కొనలనున్న రబ్బరు సీలులకు బాధ రెట్టింపు. గదిలో ఒక క్షణము ఒత్తిడి, మరుక్షణము శూన్యత. రెంటికి అవి తట్టుకొనవలెను. పెదవి ఏ వైపునకు తిరిగియుండవలెనో విప్పునపుడే చూచి వ్రాసికొనినవాడు బుద్ధిమంతుడు. ఎక్కించుటకు ముందు పెదవికి నూనె రాసి, ఇరుసుపైనున్న తాళపుగాడి అంచు దానిని కోయకుండ పలుచని టేపు చుట్టుదురు. పాత సీలు ఒరసి ఇరుసుపై గాడి పడియున్నచో క్రొత్త సీలు వేసియు ఫలము లేదు.

ఇంతయు చేసి, నీటిలోనికి దింపకముందే పరీక్షింతురు. కార్బురేటరు చోటును, పొగ దారిని రేకులతో మూసి, చదరపు అంగుళమునకు ఐదారు పౌన్లు మించని గాలిని చేతిపంపుతో ఎక్కించి, అతుకులవెంట సబ్బునీరు పూసి చూతురు. బుడగ లేచినచోట దొంగ దొరకినట్లే. సీలులున్న ఇంజను ఆ ఒత్తిడిని కొన్ని నిమిషములు నిలుపుకొనవలెను. పెదవి సీలులు లేక, ఇరుసునకు బేరింగునకు మధ్యనున్న నూనెపొరపైననే ఆధారపడు పాత యంత్రములనుండి అంత ఆశింపరాదు; అక్కడ బేరింగు అరుగుదలను కొలుచుటయే పరీక్ష.

నీటిలో మునిగియుండు గేరుపెట్టె సంగతి వేరు. అక్కడ లోనికి రాదలచునది గాలి కాదు, నీరు. నూనెను దింపి చూచినపుడు అది పాలవలె తెల్లగనుండినచో సీలు పోయినదని అర్థము. వరదలలో గోదావరి, కృష్ణలపై తిరుగు సహాయ పడవల మోటారులకును ఈ గుర్తు వర్తించును. మరియొక సంగతి: కొన్ని పందెపు మోటారులకు నీటిపంపు ఉండదు; పడవ వేగమే చల్లని నీటిని పైకి తోయును. అట్టిదానిని బల్లపై బిగించి, ధ్వని వినుటకని నడపిచూచువాడు కష్టపడి కూర్చినదానిని తానే కాల్చుకొనును.

కనుక మొదటి పరుగు నీటిపైననే. క్రొత్త రింగులు గోడకు అలవాటు పడువరకు నూనె కొంచెము ఎక్కువ కలిపి, వేగమును పెంచుచు తగ్గించుచు నడపుదురు. తరువాత ఒక్కసారి పూర్తి వేగమున పోయి, ఇంజనును అక్కడనే ఆపి, ఒడ్డునకు తెచ్చి స్పార్కు ప్లగ్గులను విప్పుదురు. పింగాణి లేత గోధుమవన్నెగ ఉన్నచో గది గట్టిగనున్నది. రెంటిలో ఒకటి మాత్రము సున్నపు తెలుపుగ కనబడినచో, ఆ సిలిండరు వైపు ఎక్కడనో గాలి చొరుచున్నదన్నమాట. మెకానిక్కు మారుమాటాడక పడవనుండి మోటారును దింపి, మరల స్పానరు చేతబట్టును.