తీర్పులో ‘ఊహ’.. అసలు అర్థం వేరు!

హైకోర్టు తీర్పు ప్రతిని పట్టుకుని మా మండలానికి చెందిన ఒక రైతు కొంతకాలం క్రితం ఈ విలేకరి వద్దకు వచ్చారు. ఇంటర్మీడియట్ చదువుతున్న కుమారుడు దానిని చదివి, ‘‘నాన్నా, నిన్ను ఆక్రమణదారు అని రాశారు’’ అన్నాడట. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. తీరా చూస్తే తీర్పు రైతుకే అనుకూలం. కంగారు పెట్టిన వాక్యం ఇది: ‘బై నో స్ట్రెచ్ ఆఫ్ ఇమాజినేషన్ కెన్ ది పిటిషనర్ బి కాల్డ్ యాన్ ఎన్‌క్రోచర్’. ఏ విధంగా చూసినా పిటిషనరును ఆక్రమణదారు అనజాలమని దాని భావం.

స్ట్రెచ్ అనగా సాగదీయడం. ఊహను రబ్బరు వలె ఎంత సాగదీసినా ఆ మాట వరకు అందదు, కనుక ఆ మాట చెల్లదు. ఇమాజినేషన్ అనే పదం కనిపించగానే ‘కల్పించారు’ అని అర్థం చెప్పుకోవడం పొరపాటు. కట్టుకథ అనడానికి ‘ఫిగ్మెంట్ ఆఫ్ ఇమాజినేషన్’ అనే వేరే నుడికారం ఉంది. తీర్పుల్లో అదీ తరచు ఎదురవుతుంది.

చిక్కంతా ‘నో’ వద్దనే. ఇటువంటి నిషేధంతో వాక్యం మొదలైతే ఆంగ్లంలో ‘కెన్’ వంటి సహాయక క్రియ కర్తకు ముందు వస్తుంది. తెలుగులో ‘కాదు’, ‘లేదు’ వాక్యం చివర ఉంటాయి. మన కన్ను అక్కడే వెదుకుతుంది. కనిపించకపోతే అవునన్నట్లే తోస్తుంది. ‘నో’కు బదులు ‘ఎనీ’ వాడితే ‘నాట్’ తప్పనిసరి: ‘హీ ఈజ్ నాట్ రిచ్ బై ఎనీ స్ట్రెచ్ ఆఫ్ ఇమాజినేషన్’. ‘నో’, ‘నాట్’ రెండూ పెడితే అర్థం తలకిందులవుతుంది. వినతిపత్రాలు రాసేవారు జాగ్రత్తపడాలి. నిఘంటువులు ‘ఆఫ్ ది ఇమాజినేషన్’ అంటాయి. మన తీర్పుల్లో ‘ది’ తరచు జారిపోతుంది. అదంత పట్టింపు కాదు.

తెలుగులో దీనికి సరితూగే పలుకుబడి ‘ఏ కోశానా’. ‘అతనిలో పశ్చాత్తాపం ఏ కోశానా లేదు’ అంటామే గాని, ‘ఏ కోశానా ఉంది’ అనము. అదీ నిషేధంతోనే జతకడుతుంది.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారాలు ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతాయి. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినా, కక్షిదారుల చేతికి ఎక్కువగా అందేది ఆంగ్ల ప్రతే. అటువంటప్పుడు నడుమ వాక్యాలతో కుస్తీ పట్టేకన్నా, చివరి పేరాలో ‘అలౌడ్’ అని ఉందో, ‘డిస్మిస్డ్’ అని ఉందో ముందు చూసుకోవడం మేలు. ఆ రైతు తెచ్చిన ప్రతిలో ‘అలౌడ్’ అనే ఉంది. కుమారుడు ఆ పుట వరకు వెళ్లలేదు.