పది శాతం లోపు వస్తే థీసిస్ మనదైపోతుందా?

ఎంటెక్ రెండో ఏడాది వాళ్లని థీసిస్ ఎంతవరకొచ్చిందని అడిగి చూడండి. టాపిక్ పేరు చెప్పరు, పర్సంటేజీ చెబుతారు. 'ముప్పై నాలుగుందన్నా, పదికి దించాలి' అంటారు.

ఆ పది యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజియరిజం నిబంధనల్లోది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటిందా, రిజిస్ట్రేషనే రద్దు. ఇంతవరకు అందరికీ తెలుసు. అవే నిబంధనల్లో ఉన్న ఇంకో సంగతి చాలామంది చదవరు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాలు, మూలం చెప్పి వాడుకున్న కొటేషన్లు లెక్కలోకి రావు. మామూలు మాటలు వరుసగా 14 వరకు కలిసినా పట్టించుకోరు. కాబట్టి రిపోర్టు చూసి కంగారు పడేముందు ఇవి తీసేశారో లేదో అడగండి.

మిగిలినదాన్ని దించడానికి మనవాళ్లు పట్టుకునేది పారాఫ్రేజింగ్ టూల్. దాంతో ఏమవుతుందో 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రాన్స్ పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి బయటపెట్టారు. అచ్చయిన పరిశోధన పత్రాల్లోనే 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్', 'బిగ్ డేటా' బదులు 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' కనిపించాయి. మన చేతివాటాన్ని 'హస్తపు వాలు' అని రాసినట్టన్నమాట. వాటికి 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టారు. పర్సంటేజీ దిగుతుంది, నిజమే. వైవాలో ఎగ్జామినర్ మొహం చూడాలి మరి.

ఇంకో దారి అమీర్‌పేట. టైటిల్, కోడ్, డాక్యుమెంట్, పీపీటీ అన్నీ ఒకే ప్యాకేజీలో దొరుకుతాయి. డబ్బులు పోతే పోయాయనుకున్నా, అదే ఫైల్ ఇంకెంతమందికి అమ్మారో మనకెలా తెలుస్తుంది? ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో ఎంటెక్ మొత్తం 68 క్రెడిట్లయితే, 26 డిసర్టేషన్‌వే. అంటే డిగ్రీలో మూడో వంతుకు పైగా కొనుక్కున్నట్టు. మా ఆఫీసులో ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న 'డేటా ఎక్కడిది?' అనే. చాలామంది అక్కడే ఆగిపోతారు.

సారపాకలో మా వీధి తమ్ముడొకడు మెషీన్ లెర్నింగ్‌తో వరద అంచనా మీద థీసిస్ చేస్తున్నాడు. డేటా మాత్రం నెట్‌లో దొరికిన ఏదో అమెరికా నదిది! ఇంటి పక్కనే గోదావరి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు ఇస్తారని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ 2022 వరదకి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తితే మన దగ్గర నీళ్లు త్వరగా తీయవని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. ఎగువ నీటిమట్టాలతోనే లెక్కేసే మోడల్‌కి శబరిని కూడా కలిపితే అంచనా ఎంత మారుతుంది? ఇదీ అసలు థీసిస్ ప్రశ్న. ఇందులో వచ్చే గ్రాఫులు, పట్టికలు ఎవరి పేపర్‌తోనూ కలవవు, ఎందుకంటే అవి ఇంకెక్కడా లేవు. పైగా ఎక్కడ ఎన్ని గంటల ముందు చెప్పగలమన్నది ఇక్కడ సామాన్లు సర్దుకునేవాళ్లకి కావలసిన లెక్క.

అందరికీ ఇలా కుదరదు, ఒప్పుకుంటా. చాలాచోట్ల గైడే టైటిల్ ఇచ్చేస్తారు. టైటిల్ అలాగే ఉంచి డేటా మార్చుకోవచ్చు కదా. మొదటి రివ్యూకి ముందు అడిగితే కాదనేవాళ్లు తక్కువ, రెండో రివ్యూ అయ్యాక మాత్రం ఎవరూ ఒప్పుకోరు. వరద రోజుల్లో నీటిమట్టాలు కేంద్ర జల సంఘం వెబ్‌సైట్‌లో పెడతారు. పాత లెక్కల కోసం ఇరిగేషన్ ఆఫీసుకెళ్తే డిపార్ట్‌మెంట్ లెటర్ పట్టుకెళ్లండి. టైపింగ్‌కి పది నిమిషాలు చాలు, హెచ్‌ఓడీ సంతకానికి వారం పడుతుంది.