తెలుగు పుస్తక విక్రయంలో వెబ్‌సైట్, మొబైల్ యాప్‌ల ఎంపిక - ఒక పరిశీలన

1. ప్రవేశిక:

తెలుగులో పుస్తకాలను ప్రచురించి అమ్ముకొనే సంస్థలలో అధికభాగం చిన్నవి. దుకాణాలు, పుస్తక ప్రదర్శనలు, పోస్టు పార్సిళ్ల ద్వారా సాగుతూ వచ్చిన వాటి విక్రయం క్రమంగా అంతర్జాలంలోకి విస్తరిస్తున్నది. ఈ దశలో ప్రచురణకర్తకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఉన్న కొద్దిపాటి పెట్టుబడిని వెబ్‌సైట్‌పై పెట్టాలా, మొబైల్ యాప్‌పై పెట్టాలా అన్నది. దీనిని సాంకేతిక నిపుణులకు వదిలివేయవలసిన విషయంగా భావించడం పరిపాటి. అయితే ఏ పుస్తకం ఎవరి కంట పడుతుందన్నది చాలావరకు ఈ ఎంపికపైనే ఆధారపడుతుంది కనుక ఇది సాహిత్యప్రసారానికి సంబంధించిన ప్రశ్న కూడా. కొనుగోలుదారుడు ఎంత తరచుగా తిరిగి వస్తాడన్న అంశాన్ని ప్రమాణంగా స్వీకరించి ఈ ఎంపికను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. రెండు మాధ్యమాల స్వభావం:

వెబ్‌సైట్‌కు చిరునామా ఉంటుంది. ఆ చిరునామా తెలిసినవారు, శోధన ద్వారా దానిని చేరుకొన్నవారు ఎవరైనా ఏ పరికరంలోనైనా దానిని తెరవగలరు. యాప్‌ను ముందుగా యాప్ స్టోర్ నుంచి ఫోన్‌లోకి దింపుకోవాలి. ఆపిల్ స్టోర్, గూగుల్ స్టోర్ రెండూ 2008లోనే మొదలయ్యాయి. గూగుల్ స్టోర్‌కు ఇప్పటి ప్లే స్టోర్ అన్న పేరు 2012లో వచ్చింది. ఒకసారి ఫోన్‌లో చేరిన యాప్ పాఠకునికి ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. కొత్త పుస్తకం వస్తే తానే కబురు చెబుతుంది. నెట్‌వర్క్ లేనిచోట కూడా పనిచేయగలదు. ఈ సదుపాయాలను తక్కువగా అంచనా వేయనవసరం లేదు. అయితే ఇవన్నీ దానిని దింపుకొని, తొలగించకుండా ఉంచుకొన్న పాఠకునికి మాత్రమే దక్కుతాయి.

3. మింత్రా నిర్ణయం - ఉపసంహరణ:

ఈ విషయంలో భారతీయ వాణిజ్యరంగం నుంచి చెప్పుకోదగిన ఉదాహరణ మింత్రా. బెంగళూరు కేంద్రంగా దుస్తులు విక్రయించే ఈ సంస్థ 2015 మే నెలలో తన వెబ్‌సైట్‌ను మూసివేసి, ఇకపై యాప్ ద్వారా మాత్రమే అమ్ముతామని ప్రకటించింది. తన వ్యాపారంలో సింహభాగం అప్పటికే మొబైల్ నుంచి వస్తున్నదన్నది ఆ సంస్థ వాదన. లెక్క తప్పు కాదు, కాని అది ఉన్న కొనుగోలుదారుల లెక్క. పెద్ద తెరపై నిదానంగా చూసి కొనేవారు, ఫోన్‌లో చోటు లేనివారు, యాప్ దింపుకోవడానికి ఇష్టపడనివారు ఆ నిర్ణయంతో బయటే ఉండిపోయారు. 2016లో మొదట మొబైల్ వెబ్‌సైట్‌నూ, జూన్‌లో కంప్యూటర్ వెబ్‌సైట్‌నూ మింత్రా తిరిగి తెరిచింది.

దుస్తులు తరచుగా కొనే వస్తువులు. పైగా ఆ సంస్థకు ప్రచారంపై వెచ్చించగల ధనబలం ఉంది. అటువంటి సంస్థకే సాధ్యపడని పనిని ఏడాదికి రెండుమూడుసార్లు మాత్రమే పాఠకుడు గుర్తుచేసుకొనే ప్రచురణసంస్థ సాధించగలదని ఆశించడం కష్టం. పుస్తక ప్రదర్శన రోజుల్లో ఉత్సాహంగా దింపుకొన్న యాప్, ఫోన్‌లో ఫోటోలకు చోటు చాలనప్పుడు ముందుగా తొలగిపోయే వాటిలో ఒకటి.

4. తెలుగు పాఠం శోధనకు అందడం:

తెలుగుకు సంబంధించినంతవరకు ఇది అన్నింటికన్నా కీలకమైన అంశం. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చోటు చేసుకొన్నప్పటికీ, ఆ తరువాత చాలాకాలం పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లనే వాడాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అక్షరాలు చక్కగా కనబడేవి. శోధనయంత్రానికి మాత్రం అవి అర్థంలేని సంకేతాల వరుస. ఆ కాలపు పాఠం ఎంతో అంతర్జాలంలో ఉండి కూడా వెతికినవారికి చిక్కలేదు. యాప్‌కే పరిమితమైన పుస్తకజాబితా ఇదే స్థితిని మరో రూపంలో తెచ్చిపెడుతుంది. యూనికోడ్‌లోనే ఉన్నప్పటికీ ఆ పాఠం యాప్ గోడల లోపల ఉండిపోతుంది.

శతకసాహిత్యంపై పరిశోధించే విద్యార్థిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమెకు ప్రచురణసంస్థ పేరు తెలియదు. తెలిసినది కవి పేరో, శతకం మకుటమో. దానిని శోధించినప్పుడు ప్రచురణకర్త వెబ్ పుట కనబడితే పుస్తకం అమ్ముడవుతుంది. కనబడకపోతే ఆ పుస్తకం అలభ్యమని ఆమె తన సిద్ధాంతగ్రంథంలో రాసుకొనే ప్రమాదమూ ఉంది. వెబ్ పుట చిరునామాను ఉపయుక్తగ్రంథసూచిలో చూపవచ్చు; యాప్ లోపలి తెరను అలా చూపడం కుదరదు.

ఈ ప్రయోజనం వెబ్‌సైట్ ఉన్నంతమాత్రాన సిద్ధించదు. ముఖచిత్రాన్ని మాత్రమే పెట్టి, ధర రాసి ఊరుకొన్న పుటలు తెలుగులో కొల్లలు. బొమ్మలోని అక్షరాలపై శోధనకు భరోసా పెట్టుకోలేము. రచయిత, అనువాదకుడు, సంపాదకుడు, ముద్రణ సంవత్సరం, విషయసూచిక అన్నీ యూనికోడ్ పాఠంగా ఉండాలి. రోమన్ అక్షరాలలో వెతికేవారు ఎక్కువ కనుక పేర్లను ఆ లిపిలోనూ ఇవ్వడం మేలు.

5. వ్యయం, కమీషన్, అధీనత:

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆండ్రాయిడ్ ఫోన్లదే ఆధిక్యం కాగా అమెరికాలోని తెలుగువారిలో ఐఫోన్ వాడకం విస్తారం. ఈ రెండు పాఠకవర్గాలూ కావాలంటే యాప్‌ను రెండు వ్యవస్థలకూ సరిపడేలా నిర్మించి, అవి మారినప్పుడల్లా సవరించాలి. అసలు భారం మొదటి నిర్మాణంలో కన్నా ఈ నిరంతర నిర్వహణలోనే ఉంది.

అచ్చు పుస్తకాన్ని యాప్ ద్వారా అమ్మితే స్టోర్లకు కమీషన్ చెల్లించనక్కరలేదు. ఈ-పుస్తకం డిజిటల్ సరకు కనుక సాధారణంగా స్టోర్ కమీషన్ వర్తిస్తుంది. చాలాకాలం 30 శాతంగా ఉన్న ఈ కమీషన్‌ను చిన్న వ్యాపారులకు 2021లో 15 శాతానికి తగ్గించారు. ఆ తగ్గిన లెక్కన కూడా 200 రూపాయల ఈ-పుస్తకంపై 30 రూపాయలు పోతాయి. రచయిత రాయల్టీని దృష్టిలో పెట్టుకొంటే ఇది చిన్న మొత్తం కాదు. చెల్లింపుల వివాదంలో గూగుల్ 2024 మార్చిలో భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ వంటి ప్రసిద్ధ భారతీయ యాప్‌లను తన స్టోర్ నుంచి తొలగించి, ప్రభుత్వం కలుగజేసుకొన్న తరువాత కొద్దిరోజుల్లోనే పునరుద్ధరించింది. పెద్ద సంస్థల పక్షాన ప్రభుత్వం మాట్లాడింది. చిన్న ప్రచురణకర్తకు అంతటి అండ దొరకడం అరుదు.

6. యాప్ సార్థకమయ్యే సందర్భాలు:

రోజూ విడుదలయ్యే ధారావాహికలు, శ్రవణపుస్తకాలు, నిత్యం వాడే నిఘంటువులు యాప్‌కు తగినవి. ప్రయాణంలో వినే శ్రోతకు ముందుగా దింపుకొన్న కథ, ఆపినచోటి నుంచి మొదలయ్యే సౌలభ్యం అవసరం. ఇక్కడ పాఠకుడు ప్రతిదినం తిరిగి వస్తాడు.

ఈ రెంటికీ నడుమ ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అనే మార్గం ఉంది. ఇది వెబ్‌సైటే అయినా ఫోన్ తెరపై గుర్తుగా నిలుపుకోవచ్చు. నెట్‌వర్క్ లేనప్పుడూ కొంతవరకు పనిచేస్తుంది. 2015లో మొబైల్ వెబ్‌సైట్‌ను వదులుకొన్న ఫ్లిప్‌కార్ట్ అదే ఏడాది నవంబరులో ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో ఈ పద్ధతిలోనే వెబ్‌కు తిరిగి వచ్చింది. ఐఫోన్‌లో ఇటువంటి వెబ్ యాప్‌ల నుంచి నోటిఫికేషన్లు పంపే వీలు 2023 మార్చి నుంచి ఉంది.

వాస్తవానికి నేడు పలువురు తెలుగు ప్రచురణకర్తలు ఈ మూడింటినీ పక్కనపెట్టి, ఒక వాట్సాప్ నంబరుతోనూ యూపీఐ చెల్లింపుతోనూ పుస్తకాలు అమ్ముతున్నారు. తెలిసిన పాఠకులకు ఈ పద్ధతి చాలినంత సుఖం. నంబరు తెలియని పాఠకునికి మాత్రం వారి పుస్తకం ఉన్నదన్న సంగతి తెలిసే దారి ఉండదు. అటువంటి ప్రచురణకర్త తన పాత పుస్తకాల జాబితాను పూర్తి వివరాలతో సొంత వెబ్ చిరునామాలో ఉంచి, ప్రతి పుస్తకం కింద అదే వాట్సాప్ నంబరును ఇస్తే అమ్మకం పద్ధతి మార్చుకోనవసరం లేకుండానే కొత్త పాఠకుడు చేరగలుగుతాడు.