విజయనగరము: రాజధానీ నామవిచారము

విశాఖపట్టణమునుండి ఉత్తరముగా ఆనందపురము మీఁదుగాఁ బోవు మార్గమున విజయనగరము గలదు. తుంగభద్రాతీరమున వెలసిన విజయనగరము వేఱు, పూసపాటివారి రాజధానియగు నీ విజయనగరము వేఱు. నామసామ్యముచే నీ రెంటికిఁ దఱచుగా సాంకర్యము గలుగుచున్నది. మాక్సుమూలరు పండితుఁడు సాయణభాష్యసహితముగా ఋగ్వేదమును రెండవమాఱు ముద్రింపించిన గ్రంథముయొక్క (1890-92) ముఖపత్రమునఁ బోషకుఁడుగాఁ బేర్కొనఁబడిన విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతియే (1850-1897) కాని, హంపీప్రభువు కాఁడు. ఆ పండితుఁడు జన్మించిన డెస్సౌ పట్టణమును జర్మనీదేశమున నొక చిన్న సంస్థానమునకు రాజధానియే యగుట యిచటఁ దలఁపఁదగినది.

పూసపాటివారు తొలుత కుమిలియందుండి, 1713లో నిచటఁ గోట నిర్మించిరి. ఆ విజయదశమి పర్వమున నైదు విజయములు గూడుటచే నీ పేరు వచ్చెనని లోకప్రతీతి. అందు సంవత్సరనామ మొకటి. ప్రభవాదిగణనచే 1713వ సంవత్సరము విజయయే యగుటచే నీ యంశమునకు బలము గలదు. పెదవిజయరామరాజు పేరిట వెలసినదనుట రెండవ మతము. సత్యభామను సత్య యనునట్లు, ఉత్తరపదలోపముచే విజయరాముఁడు విజయుఁడు కాఁగా, 'విజయుని నగరము' అని షష్ఠీతత్పురుషము పొసఁగును. కావున నీ రెండు మతములకు విరోధము లేదు.

పేరు విజయసూచకమయ్యు నీ రాజధాని చరిత్రము విజయపరంపర కాదు. 1757లో బుస్సీ సేనాసహాయముతో బొబ్బిలికోట గెలిచిన పెదవిజయరామరాజు, కొలఁదిదినములలోనే తన శిబిరమునఁ దాండ్ర పాపారాయనిచే హతుఁడయ్యెను. 1794లో ఆనందపురమునకు సమీపమునఁ గల పద్మనాభమున చినవిజయరామరాజు కుంఫిణీసేనతోఁ బోరి నేలకొఱగెను. పిదప నారాయణబాబునకు మిగిలినది తగ్గిన రాజ్యము. ఆయుధబలము క్షీణింపఁగా నీ సంస్థానము విద్యాపోషణమున యశస్సు నార్జించెను. 1860లో సంస్కృతకళాశాల, 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుఁడుగా సంగీతకళాశాల వెలసినవి. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో నిచటనే ప్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై ఆనందగజపతికి నంకితమయ్యెను.

దర్శనీయములలోఁ గోట ప్రధానము. అది చతురస్రము, నాలుగు మూలల బురుజులు గలవు, తూర్పుద్వారము నగారాఖానా. నేఁడు కోటలో విద్యాలయములు నడచుచున్నవి. బజారున 1885 నాఁటి ఎనిమిది పలకల గంటస్తంభము నిలిచియున్నది. విజయదశమి పిదపటి మంగళవారమునఁ బైడితల్లి సిరిమానోత్సవము జరుగును. పూజారి యెత్తైన చింతమాను కొనఁ గూర్చుండఁగా సిరిమాను గుడినుండి కోటవఱకు ముమ్మాఱు సాగును. ఆ దేవత విజయరామరాజు సోదరియని ఐతిహ్యము.

1869లోఁ గట్టిన మోతీమహలు మాత్రము నేఁడు లేదు, 2020లోఁ బడఁగొట్టఁబడెను. సౌధము నశించినఁ బేరే సాక్ష్యమగును. పేరునకును సాంకర్యము గలిగినచో నా సాక్ష్యమును జెడును. కావున పాఠశాలలయందు రెండు విజయనగరములను వేఱుపఱచి బోధించుట చరిత్రరక్షణమే యగును.