పాత కారు – లాభనష్టములు

1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 మధ్యతరగతి కుటుంబమునకు కారును అందుబాటులోనికి తెచ్చినది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినను, పాత బండిని కొనువారు నేటికిని గలరు. అట్టి కొనుగోలులోని లాభనష్టములను మనము పరిశీలింతము.

కారు ఖర్చు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది తరుగుదల. క్రొత్త కారు విలువ తొలి సంవత్సరములలోనే వేగముగా పడిపోవును. ఆ నష్టమును మొదటి యజమానియే భరించి యుండును గనుక పాత కారు కొన్నవారికి అది స్వల్పము.

రెండవది పోషణ. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడచినచో 40 లీటర్ల పెట్రోలు చాలును. కార్బురేటరు చెడి 12 కిలోమీటర్లకు దిగినచో 50 లీటర్లు కావలెను. చిన్న మరమ్మతును వాయిదా వేసినందుకు నెలనెలా 10 లీటర్ల జరిమానా!

ఇక నమ్మకము వయస్సుపై కంటె సంరక్షణపైననే ఎక్కువగా ఆధారపడును. 796 సి.సి. ఇంజను నిర్మాణము సరళమే. కాని రబ్బరు గొట్టములు, టైమింగ్ బెల్టు బండి తిరుగకున్నను కాలక్రమమున పాడగును. గొట్టము పగిలి నీరు పోయినచో ఇంజను వేడెక్కి చెడును. బెల్టు తెగినచో కుటుంబమంతయు నడిబాటలో నిలువవలసినదే.

15 ఏండ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ తప్పనిసరి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. కావున ధర చౌకయని మురియక, తొలి మరమ్మతులకు కొంత సొమ్ము ప్రక్కన నుంచుకొని కొనుటయే వివేకము.