రాత్రి రెండు గంటలకు లేచేదెవరు?

కిందటేడు వేసవి సెలవుల్లో బరంపురంలోని మా ఇంట్లో మూడు తరాలవాళ్లం కూర్చుని ‘బీతోవెన్స్ సెకండ్’ సినిమా చూశాం. 1992లో వచ్చిన ‘బీతోవెన్’ చిత్రానికి కొనసాగింపుగా 1993లో విడుదలైన హాస్యచిత్రమిది. దర్శకుడు రాడ్ డేనియల్.

కథ చిన్నదే. న్యూటన్ వారింటి భారీ కుక్క బీతోవెన్‌కు మిస్సీ అనే ఆడకుక్కతో స్నేహం కుదిరి, నాలుగు పిల్లలు పుడతాయి. మిస్సీని తన దగ్గర ఉంచుకున్న రెజీనాకు దానిమీద ప్రేమేమీ లేదు. విడాకుల తగాదాలో మొగుడి దగ్గర డబ్బు గుంజడానికి అదొక ఆయుధం, అంతే! ఆమె తల్లిని లాక్కుపోతే, టెడ్, ఎమిలీ అనే పిల్లలిద్దరూ తండ్రికి తెలియకుండా ఆ కూనలను సాకుతారు. అర్ధరాత్రి లేచి పాలు పడతారు. బడి నుంచి కూడా తప్పించుకుని వస్తారు. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

తండ్రి జార్జ్‌గా చార్లెస్ గ్రోడిన్ విసుక్కుని, గొణిగి, చివరికి సరేనంటాడు. అక్కడ మా అబ్బాయి నవ్వు ఆగిపోయింది.

వాడు నాలుగో తరగతిలో ఉండగా, ఒక వానరోజు చొక్కాలో దాచి కుక్కపిల్లను తెచ్చాడు. “తెల్లారేసరికి ఇది ఇంట్లో ఉండకూడదు” అన్నాను. వీధి చివర కల్వర్టు కింద వదిలి వచ్చాడు. పొద్దున్నే గిన్నెలో పాలు తీసుకెళ్తే అది లేదు. నేను మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు.

“తాతయ్యా, మనమూ అలాంటి కుక్కనే కొందాం!” అన్నాడు మనవడు. అది సెయింట్ బెర్నార్డ్ జాతి, ఆల్ప్స్ మంచుకొండలది. పెరిగితే అరవై కిలోలు దాటుతుంది. ఆ దట్టమైన బొచ్చుతో మన ఉక్కపోతలో పాపం, రొప్పుతూ బతకాలి. మన సరదాకు దానికి శిక్షా?

“మన వీధి కుక్క ఈనింది కదా, దాని పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకుందాం. కాని రాత్రి రెండు గంటలకు ఏడిస్తే లేచేదెవరు?” అన్నాను.

మనవడు వాళ్ల నాన్న వంక చూశాడు. “నేను లేస్తాను నాన్నగారూ” అన్నాడు మా వాడు మెల్లగా.

రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాం. ముందే విడదీస్తే రెజీనాకూ మనకూ తేడా ఏముంది? తరువాత ఇంటికి తెచ్చాం. సమయానికి రేబిస్ టీకా కూడా వేయించాం.

మొదటి రాత్రి అది కుయ్యిమనగానే అందరికంటే ముందు లేచింది మాత్రం నేనే.